‘తెలిసిందా?’ అంటే ‘ఆఁ’ అన్నారు

సోమవారం కొత్త బ్యాచ్ వస్తోంది. 18 మంది. అందులో ఇద్దరు కాశీపూర్ వైపు కొండ ఊళ్ల కుర్రాళ్లు. జాబితా నిన్న మధ్యాహ్నం నా చేతికి వచ్చింది. అప్పటి నుంచి ఆ రెండు పేర్ల దగ్గరే ఆగిపోయి ఉన్నాను.

నేను ఒడిశాలోని రాయగడలో పుట్టి పెరిగాను. మా నాన్నది పార్వతీపురం దగ్గర పల్లె. ఇక్కడ కాగితం మిల్లు 1962లో వచ్చింది. ఆ తర్వాత ఎన్నో ఏళ్లకి ఆయన ఫిట్టర్‌గా చేరి, రిటైరయ్యేదాకా అందులోనే చేశారు. ఇంట్లో మాది తెలుగు, బడిలో ఒడియా, మజ్జిగౌరమ్మ గుడి దగ్గర రెండూ. నేను పనిచేసేది ఒక యూరప్ కంపెనీలో. ఫ్యాక్టరీలకి పెద్ద పెద్ద పంపులు, వాల్వులు అమ్మడం, తర్వాత వాటి రిపేర్లు, సర్వీసు చూడటం మా పని. ఈ చుట్టుపక్కల కాగితం, ఫెర్రో క్రోమ్, అల్యూమినా ప్లాంట్లు ఉన్నాయి కాబట్టి రాయగడలో బ్రాంచి పెట్టారు. మొదట్లో పనివాళ్లని చెన్నై నుంచీ జార్ఖండ్ నుంచీ తెచ్చేవారు. పని పెరిగేసరికి అది గిట్టుబాటు కాలేదు, ఇక్కడివాళ్లనే తీసుకుని నేర్పించాలని నిర్ణయించారు. తీసుకోవడంలో సగం, నేర్పించడం మొత్తం నాకు అప్పజెప్పారు.

ముంబయి ఆఫీసు నుంచి నెలకోసారి ఒక ఎక్సెల్ షీట్ వస్తుంది. ఎంతమంది కావాలి, ఎంతమంది చేరారు, ఎంతమంది మానేశారు, ఒక్కొక్కరికి ఎన్ని గంటల ట్రైనింగ్ అయ్యింది. నాలుగు గళ్లు నింపితే నెల గడిచిపోయినట్టే. మొదటి రెండేళ్లు నేనూ అలాగే నింపాను.

ఆ రోజుల్లో ఇండక్షన్, అంటే కొత్తగా చేరినవాళ్లకి ఇచ్చే మొదటి ట్రైనింగ్, రెండు రోజులు. 22 అంశాలు. స్లైడ్లన్నీ ఇంగ్లీషులో ఉండేవి, చెప్పడానికి వచ్చే ఆయన హిందీలో చెప్పేవాడు. మా పిల్లలు వెనక బెంచీల్లో నిటారుగా కూర్చుని వినేవారు. చివర్లో నేను లేచి తెలుగులో ‘తెలిసిందా?’ అని, ఒడియాలో ‘బుఝిల?’ అని అడిగేదాన్ని. అందరూ ‘ఆఁ’ అనేవారు. కాగితం తిప్పితే సంతకాలు పెట్టేవారు. కొత్త ఉద్యోగం, కొత్త బూట్లు, చల్లటి ఏసీ గది, ఎదురుగా టై కట్టుకున్న ఆయన. అర్థం కాలేదని ఎవరంటారు? అంటే తీసేస్తారేమోనని భయం. ఆ భయం నాకు తెలియాల్సింది. ఎందుకంటే నేనూ మొదటి ఉద్యోగంలో అలాగే తల ఊపాను.

అలాంటి ఒక బ్యాచ్ చేరిన మూడో వారంలో ఒక కుర్రాడి చెయ్యి కాలింది.

పేరు రాయను. పార్వతీపురం వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబం. ఐటీఐలో రెండేళ్ల ఫిట్టర్ కోర్సు పాసయ్యాడు. ఒక ప్లాంటులో పంపు మార్చే పని. పంపుకి రెండు వైపులా వాల్వులు మూశారు, డ్రెయిన్ తెరిచి ఖాళీ చేశారు. అయినా పైపు వంపులో ఎక్కడో కొంచెం వేడి కాస్టిక్, అంటే ఒంటిని కాల్చేసే సోడా ద్రవం, మిగిలిపోయింది. వీడు ఫ్లాంజికి, అంటే పైపుల్ని బోల్టులతో కలిపే వెడల్పాటి అంచుకి, ఎదురుగా నిలబడి, తన గుండెకి దగ్గరగా ఉన్న బోల్టు ముందు విప్పాడు. చిమ్మిన కాస్టిక్ మోచేతి కింద పడింది. పక్కనున్న పెద్ద ఫిట్టర్ క్షణం ఆలస్యం చెయ్యకుండా లాక్కెళ్లి షవరు కింద నిలబెట్టాడు కాబట్టి సరిపోయింది. కళ్లజోడు పెట్టుకున్నాడు కాబట్టి కళ్లు మిగిలాయి.

మర్నాడు మీటింగులో అడిగిన మొదటి ప్రశ్న, ‘ట్రైనింగ్ అయ్యిందా?’ నేను ఫైలు తెరిచి చూపించాను. 14వ అంశం, లైన్ బ్రేకింగ్. ఎదురుగా వాడి సంతకం, తేదీతో సహా. గదిలో అందరి ముఖాలూ తేలికపడ్డాయి. ట్రైనింగ్ ఇచ్చాం, వాడే పాటించలేదు అని రాసుకున్నారు. ఆ కాగితం ఇచ్చింది నేనే. దానివల్ల మాకందరికీ లాభం జరిగింది, చెయ్యి కాలినవాడికి తప్ప.

సాయంత్రం ఆస్పత్రికి వెళ్లాను. వాళ్లమ్మ మంచం పక్కన కింద కూర్చుని ఉంది. నేనంటే మా పిల్లలకి మేడమ్ కాదు, అప్ప. మావైపు అక్కని అప్ప అంటారు, ఒడియాలో అపా అంటారు. అందుకని తెలుగు పిల్లలూ ఒడియా పిల్లలూ ఇంచుమించు ఒకేలా పిలుస్తారు. వాడిని మెల్లగా అడిగాను, ఆ రోజు క్లాసులో చెప్పారు కదా నాన్నా, దూరంగా ఉన్న బోల్టు ముందు విప్పాలని? వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు.

‘లైన్ బ్రేకింగ్ అంటే పైపు పగలడం అనుకున్నానప్పా. మనం పైపులు పగలగొట్టం కదా, అది మనకి కాదులే అనుకున్నాను.’

లైన్ బ్రేకింగ్ అంటే మా పనిలో పైపు లైను ఎక్కడైనా విప్పడం. రోజూ చేసేది అదే. వాడు చెప్పిన అర్థం మాటకి మాటగా సరైనదే. ఇంగ్లీషు తెలిసిన కుర్రాడు కాబట్టే తప్పు అర్థం చేసుకున్నాడు! ఆ తర్వాత వారం రోజులు ఆ బ్యాచ్‌లో ఒక్కొక్కరినీ పక్కకి పిలిచి అడిగాను. ఐసోలేషన్ అంటే ఏమిట్రా? ‘కరోనాలో మనుషుల్ని వేరే గదిలో పెట్టారు కదప్పా, అది.’ ముగ్గురు అదే చెప్పారు. పంపుకి కరెంటు తీసి, వాల్వులు మూసి, తాళం వెయ్యడమని ఒక్కరూ చెప్పలేదు. అందరి సంతకాలూ నా ఫైల్లో ఉన్నాయి.

ఇంటికొచ్చి అన్నం తినబుద్ధి కాలేదు. నాన్న అరుగు మీద కూర్చుని ఉన్నారు. జరిగింది చెప్పాను. ఆయన తిట్టలేదు, ఓదార్చనూ లేదు. ‘ఆ గుంటడి చేతికి స్పానర్ ఇచ్చి, ఎవులైనా పక్కన నిలబడ్డారేటి?’ అని అడిగారు. లేదన్నాను.

ఆదివారం పొద్దున్న బజారుకి వెళ్లి పాతసామాన్ల కొట్టులో తూకానికి ఒక ఫ్లాంజి పైపు ముక్క, దానికి సరిపడే మూత ఫ్లాంజి, నాలుగు బోల్టులు కొనుక్కొచ్చారు. సైకిల్ ట్యూబు కత్తిరించి మధ్యలో గాస్కెట్ పెట్టారు. బట్టలుతికే బండ మీద ఆనించి, మేడ మీది ట్యాంకు నుంచి రబ్బరు గొట్టం రెండో చివరకి తగిలించి ఇనపతీగతో బిగించారు. నా చేతికి స్పానర్ ఇచ్చి, ‘విప్పు’ అన్నారు.

నేను ఎలా నిలబడ్డానో చెబుతాను. సరిగ్గా ఎదురుగా. పైపు గొంతుకి ముఖం పెట్టి. చెయ్యి సహజంగానే దగ్గరి బోల్టు మీదకి వెళ్లింది, ఎవరిదైనా అటే వెళ్తుంది. మూడు చుట్లు తిప్పానో లేదో, నీళ్లు పొట్ట మీద చెంపదెబ్బలా కొట్టాయి. ట్యాంకు ఎత్తు ఎంతని, మేడంత. అంత మాత్రానికే అలా ఉంది.

‘పక్కకి జరుగు,’ అన్నారు నాన్న. ఈసారి నన్ను పైపుకి పక్కగా నిలబెట్టారు. అవతలి వైపు బోల్టు సగం చుట్టు, దాని పక్కది సగం చుట్టు. నట్టు ఊడదీయకూడదు, వదులు చెయ్యాలి అంతే. తర్వాత మూత ఫ్లాంజి సందులో చిన్న ఉలి పెట్టి కదిపారు. నీళ్లు అవతలికి, గోడ వైపు జారాయి. ట్యాపు కట్టేశాక ధార సన్నబడి, చుక్కలై, ఆగిపోయేదాకా ఇద్దరం అలాగే చూస్తూ నిలబడ్డాం. ఆగాకే దగ్గరి బోల్టులు విప్పనిచ్చారు. ఆ తర్వాత మళ్లీ మొత్తం బిగించి, ‘ఇప్పుడు నువ్వు చెయ్యి. చేస్తూ నాకు చెప్పు, ఏటి చేస్తన్నావో, ఎందుకు చేస్తన్నావో,’ అన్నారు. నాలుగుసార్లు చేయించారు. మూడోసారి నేను ‘ఎందుకు’ చెప్పడం మర్చిపోతే మళ్లీ మొదటి నుంచి.

ఆయన పెద్ద చదువులు చదవలేదు. మిల్లులో తన కింద చేరిన ప్రతి హెల్పరుకీ ఇలాగే నేర్పానని చెప్పారు. కొన్ని నెలల తర్వాత మా హెడ్ ఆఫీసు నుంచి వచ్చిన ట్రైనింగ్ పుస్తకంలో ఇదే పద్ధతి చూసి ఆశ్చర్యపోయాను. రెండో ప్రపంచ యుద్ధం సమయంలో, 1940లో, అమెరికా ఫ్యాక్టరీల్లో ఎన్నడూ పని చెయ్యని లక్షలమందికి త్వరగా పని నేర్పాల్సి వచ్చి ఒక కార్యక్రమం పెట్టారు. నేర్చుకునేవాడిని సిద్ధం చెయ్యి, చేసి చూపించు, వాడిచేత చేయిస్తూ చెప్పించు, తర్వాత వెళ్లి చూస్తూ ఉండు. అంతే, నాలుగు మెట్లు. యుద్ధం తర్వాత అది జపాన్ వెళ్లింది, టొయోటా వాళ్లు దాన్ని గట్టిగా పట్టుకున్నారు. పనివాడు నేర్చుకోలేదంటే, నేర్పేవాడు నేర్పలేదన్నమాట అనేది ఆ కార్యక్రమంలో అందరికీ చెప్పే మాట. ఆ వాక్యం దగ్గర పుస్తకం మూసేసి కాసేపు కూర్చున్నాను. 14వ అంశం ఎదురుగా వాడి సంతకం కాదు, నా సంతకం ఉండాల్సింది.

ముంబయి వాళ్లతో మాట్లాడటం తేలిక కాలేదు. ఇండక్షన్ రెండు రోజుల నుంచి ఆరు రోజులైతే నాలుగు రోజుల జీతం దండగ కదా అన్నారు. 22 అంశాలు మొదటి వారంలో వద్దు, ప్రాణం మీదకి వచ్చే ఏడు చాలు, మిగతావి పని దగ్గరే చెబుతాం అన్నాను. ఆడిట్‌లో అడుగుతారన్నారు. చివరికి ఒక్క బ్యాచ్‌కి ఒప్పుకున్నారు. ఆ ఒక్క బ్యాచ్‌తో మొదలైంది ఇప్పటిదాకా నడుస్తోంది.

నాన్న పైపు ముక్క ఇప్పుడు మా ట్రైనింగ్ షెడ్డులో ఉంది. నీళ్లలో హోళీ రంగు కలుపుతాం. పిల్లలకి పాత తెల్ల చొక్కాలు ఇస్తాం. మొదటిసారి ఏమీ చెప్పకుండా విప్పమంటాం. రంగు ఎవరికి ఎక్కడ పడిందో వాళ్ల చొక్కా మీదే కనబడుతుంది. మెడ మీద, ఛాతీ మీద, ఒకడికి చెవి దాకా. అప్పుడు చెబుతాను, ఇది వేడి కాస్టిక్ అయితే? ఇక ఎవరూ మాట్లాడరు. ఆ తర్వాత నాన్న పద్ధతి. ఒక్కొక్కడూ చేస్తూ, తన భాషలో పైకి చెప్పాలి. తెలుగువాడు తెలుగులో, ఒడియావాడు ఒడియాలో. లైన్ బ్రేకింగ్, ఐసోలేషన్ లాంటి మాటలు తీసెయ్యలేదు. పని మొదలుపెట్టడానికి అనుమతిచ్చే పర్మిట్ కాగితం మీద అవే ఉంటాయి, వాళ్లకి అవి రావాలి. కానీ ముందు ‘లైను విప్పడం’ వచ్చాకే ‘లైన్ బ్రేకింగ్’.

తాళం పాఠం కూడా అంతే. పని మధ్యలో ఎవరూ ఆన్ చెయ్యకుండా మోటారు స్విచ్చుకి ప్రతి ఒక్కడూ తన తాళం తనే వెయ్యాలి, చెవి తన జేబులోనే ఉండాలి. మేస్త్రీ అడిగినా ఇవ్వకూడదు. ఈ మాట మా పిల్లలకి మింగుడుపడదు. పెద్దవాడు అడిగితే ఇవ్వకపోవడం తప్పని ఇంట్లో నేర్చుకుని వచ్చారు. అందుకని నేనే మేస్త్రీ వేషం వేసి, గట్టిగా అరిచి, బతిమాలి, చెవి అడుగుతాను. ‘ఇవ్వనప్పా’ అని నోరు తెరిచి అనేదాకా వదలను. కొందరికి ఆ ఒక్క మాట రావడానికి రెండు రోజులు పడుతుంది.

మనుషుల్ని తీసుకునే పద్ధతి కూడా దీనితో మారింది. వెనకటికి మార్కుల షీటు, పది ఇంగ్లీషు ప్రశ్నలు. ఇప్పుడు టేబుల్ మీద రకరకాల బోల్టులు పోసి, పక్కన స్పానర్లు పెట్టి, జత చెయ్యమంటాను. ఎం16 బోల్టుకి 24 నంబరు స్పానర్. మోటార్‌సైకిల్ షాపులోనో, లారీ షెడ్డులోనో సెలవుల్లో పనిచేసిన కుర్రాడు తడుముకోకుండా తీస్తాడు. 80 శాతం మార్కులు వచ్చినవాడు ఒక్కోసారి 19 తీసుకుని తిప్పుతూ ఉంటాడు. వాడి తప్పు కాదు. కొన్ని ప్రైవేటు ఐటీఐల్లో లేత్ మెషిన్ మీద కప్పిన గుడ్డ తియ్యరు. బరంపురం ఐటీఐ లాంటి మంచిచోట చదివిన పిల్లల చేతుల్లో ఆ తేడా వెంటనే తెలుస్తుంది. అయినా గుడ్డ కప్పిన చోటు నుంచి వచ్చినవాడినీ నేను వదులుకోను. వినే గుణం, అడిగే గుణం ఉంటే చాలు. అందుకే ఆఖరి ప్రశ్నగా ఎవరికీ తెలియని మాట ఒకటి వాడతాను. ‘అంటే ఏంటి మేడమ్?’ అని అడిగినవాడికి ఎక్కువ మార్కులు.

అప్రెంటిస్‌ల సంగతి కూడా చెప్పాలి. 1961 నాటి చట్టం, దాని 2019 నిబంధనల ప్రకారం 30 మంది, ఆపైన పనివాళ్లున్న సంస్థ తన సిబ్బంది సంఖ్యలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లని తీసుకోవాలి. చాలాచోట్ల లెక్క కోసం తీసుకుని జిరాక్సులు తీయించి పంపేస్తారు. మా దగ్గరా కొన్నాళ్లు అలాగే జరిగింది. ఏడాది తర్వాత సర్టిఫికెట్ పట్టుకుని వెళ్లేవాడికి పంపు లోపల తిరిగే చక్రం, ఇంపెల్లర్, ఎలా ఉంటుందో తెలియదు. వాడి ఏడాది ఎవరిస్తారు? ఇప్పుడు ఒక్కో అప్రెంటిస్‌కి ఒక్కో పాత ఫిట్టర్‌ని జత చేశాం. నేర్పినందుకు ఆ ఫిట్టర్‌కి నెలకి కొంచెం డబ్బు ఇవ్వాలని పోట్లాడి సాధించాను. తక్కువే, కానీ జీతం చీటీ మీద విడిగా కనబడుతుంది.

గుణుపురం నుంచి ఒక అమ్మాయి వచ్చింది, ఎలక్ట్రీషియన్. ఇంటర్వ్యూలో వాళ్లమ్మ నన్ను ఒక్కటే అడిగింది, ‘అక్కడ ఆడపిల్లలకి బాత్రూం ఉందామ్మా?’ లేదు. అబద్ధం చెప్పలేకపోయాను. అది కట్టాకే అమ్మాయిని చేర్చుకున్నాం. ఇప్పుడు మోటారు వైండింగ్ పరీక్షలో మా బ్రాంచిలో ఆమె చెయ్యే మంచి చెయ్యి.

నేర్చుకుని మానేసేవాళ్లు ఉన్నారు. ఏడాది కాగానే హైదరాబాదో గల్ఫో. ఎక్సెల్ షీటులో అది ఎర్ర రంగులో పడుతుంది. నాకూ బాధే, ముఖ్యంగా మంచి చేతులు వెళ్లిపోయినప్పుడు. కానీ మొన్న దసరాకి ఒకడు దుబాయ్ నుంచి ఫోన్ చేసి, అక్కడ కొత్తగా వచ్చిన బీహార్ కుర్రాడికి అవతలి బోల్టు ముందు విప్పమని నేర్పానప్పా అన్నాడు. ఆ గంటలు ఏ గడిలో రాయాలి?

ఇక ఆ ఇద్దరు కాశీపూర్ కుర్రాళ్లు. వాళ్ల ఇంటి భాష కువి. బడిలో ఒడియా చదివారు గానీ, కంగారు పడితే మాట కువిలోనే వస్తుంది. ప్లాంటులో ప్రమాదం జరిగేది కంగారు పడ్డప్పుడే. వాళ్ల ఊరికి నేను వెళ్లాను. వాళ్లలో ఒక కుర్రాడి తాత నన్ను కూర్చోమనలేదు. కోపం తెచ్చుకోలేను. అక్కడ తలపెట్టిన అల్యూమినా ప్రాజెక్టులో ఒకప్పుడు నార్వే, కెనడా కంపెనీలు కూడా వాటాదారులు. ఆ ప్రాజెక్టు వద్దని పోరాటం జరుగుతుండగా 2000 డిసెంబర్ 16న మైకంచ్ ఊళ్లో పోలీసు కాల్పుల్లో ముగ్గురు ఆదివాసీలు చనిపోయారు. నార్వే కంపెనీ 2001లో, కెనడా కంపెనీ 2007లో తప్పుకున్నాయి. కంపెనీ అనే మాట ఆ ఇళ్లలో ఎలా వినబడుతుందో నేను ఊహించుకోగలను. నేను వాకిట్లో నిలబడే మాట్లాడాను. మనవడికి ఏం పని ఇస్తారో, ఎక్కడ పడుకుంటాడో, చెయ్యి కాలితే ఎవరు చూస్తారో, అన్నీ అడిగాడు. మూడోదానికి జవాబు చెప్పడానికి నాకు ఎక్కువ సమయం పట్టింది. జరిగినదంతా చెప్పాను. చివరికి పంపుతానన్నాడు.

ఆ ముసలాయన ముందు నిలబడ్డప్పుడు నాకు పర్లాకిమిడి గుర్తొచ్చింది. గిడుగు రామమూర్తి గారు 1880లో అక్కడ మాస్టారుగా చేరి, కొండల మీది సవరల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకి ఆ భాషలోనే చదువు చెప్పించారు. తెలుగువాళ్లం ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న వాడుక భాష గురించి మాట్లాడుకుంటాం. నాకు మాత్రం ముందు ఆ సవర పిల్లల బడే మనసులో మెదులుతుంది. ఆ పని చెయ్యడానికి ముందు ఆయన వాళ్ల దగ్గర నేర్చుకున్నారు.

నాకు కువిలో పదిహేను మాటలు కూడా రావు. ఈ వారం ‘ఆగు’, ‘పక్కకి జరుగు’, ‘ఇవ్వను’ నేర్చుకున్నాను, మా షెడ్డు ఊడ్చే ఆమె దగ్గర. పలకడం సరిగా రావడం లేదని ఆమె రోజూ దిద్దుతోంది. అది చాలదు. మునిగుడ, బిస్సంకటక్, కాశీపూర్ వైపు ఐటీఐ ఫిట్టర్ చదివి, కువి మాట్లాడే వాళ్లెవరైనా, ఆడైనా మగైనా, మీకు తెలిసి ఉంటే చెప్పండి. నేర్పేవాళ్లుగా తీసుకుంటాం, హెల్పర్లుగా కాదు. అంతవరకూ ఆ ఇద్దరి పక్కన నిలబడటానికి ఆ చెయ్యి కాలిన కుర్రాడిని అడిగాను. ఇప్పుడు వాడు మా దగ్గర ఫిట్టర్. వాడికీ కువి రాదు. సోమవారం పొద్దున్నే వచ్చి పైపులో నీళ్లు తనే నింపుతానన్నాడు.